చురకల నడుమ

అంబులెన్సు వచ్చేలోపు మా అత్తమ్మ ఒళ్లు తుడవాలి, పుండ్లకు మందు రాయాలి, చీర మార్చాలి, అంతే పని. ఇంకో గంటలో బండి వస్తుందని చెప్పి నర్సు పద్మలత స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, దూది, ఓ జత గ్లౌజులు నా ముందు పెట్టి పోయింది, నీళ్లు ఈపాటికి చల్లారిపోయి ఉంటాయి, నేనింకా గిన్నె వంకే చూస్తూ కూర్చున్నాను. నీళ్ల మీద సన్నగా జిడ్డు తేలుతోంది. నాకంటే ముందు ఈ గిన్నెలో ఎవరిని కడిగారో, ఎక్కడెక్కడ కడిగారో, ఆ ఆలోచన రాగానే నోట్లో నీళ్లూరాయి, ఆకలికి ఊరే నీళ్లు కావు, వాంతికి ముందు ఊరే ఉప్పునీళ్లు. కరీంనగర్‌లో ఇంత పెద్ద ప్రైవేటు దవాఖాన, అద్దాల తలుపులు, లిఫ్టు, కింద పూలదండలతో గణపతి, పైకొస్తే మాత్రం ఈ వాసన, ఫినాయిలు వాసన మీద మూత్రం వాసన, దాని మీద తెర అవతల ఎవరో విప్పిన చేపల కూర వాసన. దవాఖానలో చేపల కూర ఎట్లా తింటారు మనుషులు? పక్క మంచం ఆయన గొంతులోంచి కళ్లె లాగుతున్నాడు, లాగి లాగి మింగేస్తున్నాడు, ఉమ్మినా బాగుండును. మంచం మీద మా అత్తమ్మ సారక్క, కళ్లు సగం మూసి, సగం తెరిచి, ఆ తెరిచిన సగంలో పసుపు రంగు, ఊపిరి పైపైనే ఆడుతోంది. జ్వరం దిగడం లేదు, కాలేయం, కిడ్నీలు రెండూ దెబ్బతింటున్నాయి, ఇక ఇక్కడ మా వల్ల కాదు, హైదరాబాదు చేరేదాకా నిలబడితే అదృష్టమే అని డాక్టర్ విద్యాధర్ పొద్దున మా ఆయన సంపత్‌ను పక్కకు పిలిచి చెప్పాడు, పక్కకు పిలిచాడు గానీ గొంతు మాత్రం తగ్గించలేదు, నేను విన్నాను, బహుశా ఆమె కూడా విన్నది.

గ్లౌజు తొడుక్కోవాలి. పౌడరు వాసన, రబ్బరు వాసన, లోపల వేళ్లు చెమట పట్టి పాములాగా జారతాయి. ఎవరి చేతి కోసం చేశారో ఇవి. నాకు చీదర ఎక్కువ, ఈ సంగతి దాచుకునేదేం కాదు, మెట్‌పల్లిలో మా ఇంటి వాడకట్టు మొత్తానికి తెలుసు, పసుపు ఉడకబెట్టే రోజుల్లో వాకిలంతా ఆవిరి, పశువుల పేడ, కూలీల చెమట కలిసి కమ్ముకుంటే నేను కొంగు ముక్కుకు కట్టుకొని గదిలో కూర్చునేదాన్ని, మా అవ్వ గడపలో నిలబడి, "దీనికి దేవుడు మనసు వెట్టుడు మరిచి రెండు ముక్కులు వెట్టిండు" అని అందరినీ నవ్వించేది. ఎంగిలి గ్లాసు ముట్టను. ఇంకొకరు కూర్చొని లేచిన వెచ్చటి కుర్చీలో కూర్చోను. రోజుకు ఎన్నిసార్లు చేతులు కడుగుతానో లెక్కలేదు, వేళ్ల సందుల్లో తోలు పగిలి మండుతుంది, మండితేనే శుభ్రమైనట్టు అనిపిస్తుంది. అట్లాంటి నన్ను తెచ్చి బొగ్గు బాయిల కంపెనీ క్వార్టరులో ఇచ్చారు, రెండు గదులు, ఒకే బాత్‌రూము, ముందు గదిలో నులక మంచం మీద మా మామ ఇస్తారి. బాయి దిగడం మానేసి ఏళ్లయినా ఆయన ఊపిరితిత్తుల్లోంచి బొగ్గు ఇంకా పైకి వస్తూనే ఉండేది. పెళ్లయి వచ్చిన మర్నాడు పొద్దున చూశాను, మంచం కింద బూడిద పోసిన డబ్బా, అందులో నల్లటి కళ్లె, చిక్కగా, దారం సాగినట్టు సాగుతూ, ఈ అత్తమ్మే ఆ డబ్బాను ఉత్త చేత్తో తీసింది, ఉత్త చేత్తోనే ఆయన మూతి తుడిచింది, నేను వాకిట్లోకి ఉరికి మోరీ కాలువ మీద కూర్చొని పేగులు బయటికి వచ్చేట్టు కక్కాను. ఆమె వెనకాలే వచ్చి నా నుదురు పట్టుకుంది. "గిది బొగ్గు పిల్లా, గలీజ్ ఎట్లయితది? దీని మీదనే గదా మనం బువ్వ తింటున్నం" అన్నది. నుదురు పట్టుకున్నది అదే చెయ్యి. నేను మళ్లీ కక్కాను.

సరే, ముఖం తుడిచాను, మెడ తుడిచాను, ముఖం వరకు ఏమీ కాదు, ముఖం అందరికీ కనిపించేదే. గుడ్డ పిండితే నీళ్లు మసకగా అయ్యాయి. ఒళ్లు కాలిపోతోంది, తడిపిన చోటల్లా క్షణంలో ఆరిపోతోంది. బతుకమ్మ పండుగ ముందరి దాకా ఎంత గట్టి మనిషి, మొదటి బతుకమ్మ ఆడే పెత్రమాస అమావాస్య రేపనగా పొద్దున్నే వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకొని గునుగు పూలకు పోయింది. నేను వద్దన్నాను. మంచిర్యాల మార్కెట్లో కట్టలు కట్టలు అమ్ముతారు, ఆటోలో తెప్పిస్తానన్నాను. "కొన్న పూలతోని ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతరా ఎక్కడన్న? అవ్వగారింటికి పోయి హోటల్ బువ్వ తిన్నట్టు" అని నవ్వింది. ఎంగిలిపూలు, ఆ పేరు వింటేనే నాకు అదోలా ఉంటుంది. పోయింది ఎక్కడికి? ఓపెన్‌కాస్టు గని వాళ్లు తవ్విన మట్టి తెచ్చి గుట్టలుగా పోస్తారు, కొన్నేళ్లకు ఆ గుట్టల మీద మనిషి ఎత్తు గడ్డి, తుమ్మ, గునుగు మొలుస్తాయి, కింద బొరియల నిండా పందికొక్కులు, వాడకట్టు మగవాళ్లు చెంబులు పట్టుకొని పోయేదీ అటువైపే. ఆ గడ్డిలో కూర్చొని ముచ్చట్లు పెట్టుకున్నారు, సద్ది తిన్నారు, పూలు కోసి చీర కొంగుల్లో మూటలు కట్టారు. తలమీద ఒక మూట, ఎడమ చంకలో ఒక మూట ఇరికించుకొని ఇంటికొచ్చింది, జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుంది, గడ్డి గింజలు చీరంతా. వచ్చి ముందు గదిలో, నేను ఫినాయిలుతో తుడిచిన బండల మీద కుప్ప పోసింది, పూల కింద నుంచి ఏవేవో పురుగులు, సాలీళ్లు పరుగెత్తాయి, ఆమె రాత్రి దాకా అక్కడే కూర్చొని గునుగు కొసలు కోసి, రంగు నీళ్లలో ముంచి కట్టలు కట్టి, అలసిపోయి ఆ కుప్ప పక్కనే పండుకుంది. నేను తలుపు దగ్గరగా వేసుకున్నాను.

ఇప్పుడు చేతులు. చేతుల దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. మణికట్టు మీద, ముంజేతి మీద, రూపాయి బిళ్ల కన్నా చిన్నగా గుండ్రటి నల్లటి పుండ్లు, అంచుల్లో ఎర్రగా ఉబ్బి, రెండింటిలో చీము, ఆ చీము ఎండిన మైనంలా పొక్కు కట్టి ఉంది. ఇవి చురకలు. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి జ్వరం మొదలైంది, తల పగిలిపోతోందని కొంగుతో బిగించి కట్టుకుంది, ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు వేశాడు, దిగలేదు, తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. కళ్లు పచ్చబడితే కామెర్లే, కామెర్లకు దవాఖాన మందు పని చెయ్యదు, చురక పెట్టించాల్సిందే, మా వాడకట్టులో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, డిగ్రీ చదివిన సంపత్ కూడా అదే అన్నాడు, చిన్నప్పుడు తనకూ పెట్టించారట, మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది. లక్సెట్టిపేట అవతల పల్లెలో లస్మవ్వ అని ఒకామె, చేతిగుణం మంచిదట. పసుపుకొమ్ములు మీరే తెచ్చుకోవాలంది, మా బాపు పండించి పంపిన కొమ్ములే నేను కాగితంలో చుట్టి ఇచ్చాను. లస్మవ్వ కొమ్ము కొస దీపం మంటలో కాల్చి, ఎర్రగా కణకణలాడుతుంటే తోలు మీద ఆనించింది. చుయ్ మన్నది. పసుపు కాలిన వాసన, వెంట్రుకలు కాలిన వాసన, ఆ వెంటనే మాంసం వాసన. నేను ఒక్కటే చూశాను, ఆ తర్వాత ముక్కు మూసుకొని వాకిట్లోకి పోయి కోళ్ల గంప పక్కన నిలబడ్డాను, లోపల ఆమె అరవలేదు, సంపత్ ఆమె చేతులు పట్టుకొని "అయిపాయె అవ్వా, అయిపాయె, జర సైసు" అంటూనే ఉన్నాడు. కోళ్ల పెంట వాసన ఆ రోజు నాకు ఎంతో మేలనిపించింది.

ఇక్కడికి తెచ్చిన రోజు డాక్టర్ విద్యాధర్ ఈ పుండ్లు చూసి మండిపడ్డాడు. "ఏ కాలంల ఉన్నరు మీరు? మనిషినా, పశువా?" అని సంపత్ మీద లేచాడు. డెంగీ లేదు, మలేరియా లేదు, టైఫాయిడు మందు పని చేయలేదు, కాబట్టి చురకలు చీము పట్టి ఆ విషం రక్తంలోకి పోయిందని, అందుకే ఈ జ్వరమని నిశ్చయించి, చీముకు పెద్ద పెద్ద మందులు ఎక్కించారు. ఒంటి మీద ఇంకెక్కడున్నాయో చూడాలని ఆయన ఎడమ చెయ్యి లేపబోతే ఆమె బిగబట్టుకుంది, మగడాక్టరు కదా, సిగ్గు అనుకున్నాం, కొద్దిగా లేపేసరికి లోపల నల్లగా ఏదో కనిపించింది. "అది గూడ సురుకే సారూ" అని తనే చెప్పింది. ఆయనకు ఇంకా కోపమొచ్చింది, "ఇగ చంకల గూడ కాలుస్తరా? ఏం మనుషులయ్యా!" అని చెయ్యి వదిలేసి పోయాడు. నేను ఆ పక్కనే ఉన్నాను, తల వంచుకొని ఆమె పచ్చ మగ్గును స్టాండు మీద పెడుతున్నాను. పచ్చ మగ్గు ఇంటి నుంచే తెచ్చాను, అది ఆమెదే, ఒక ఎండాకాలం ఆమె వీపు మీద సెగ్గడ్డ లేచి పగిలినప్పుడు సోమవారం అంగట్లో కొన్నాను, మగ్గు, బకెట్టు, సబ్బు, సబ్బుడబ్బా, అన్నీ పచ్చవే, కలిసిపోకుండా. అందరి మంచికే కదా అన్నాను. ఆమె తీసుకుంది, గడ్డ మానిపోయినా మా మగ్గు మళ్లీ ముట్టలేదు, నేనూ ముట్టమనలేదు.

దూది తడిపి మణికట్టు మీది పుండును అద్దాను, మూలిగింది, చెయ్యి లాక్కోబోయింది. "నొస్తుందా అత్తమ్మా?" పెదవులు కదిలాయి. ముంజేతి మీదిది అద్దాను, మళ్లీ మూలిగింది, దూదికి చీము అంటి పచ్చగా, కొద్దిగా ఎర్రగా వచ్చింది, వాసన గ్లౌజు దాటి, చర్మం దాటి లోపలికి వస్తున్నట్టుంది, నోటితో ఊపిరి పీల్చుకుంటున్నాను, అప్పుడు ఆ వాసనను నాలుకతో తింటున్నట్టనిపించి మళ్లీ ముక్కుతో. పొట్ట మీద బొడ్డు చుట్టూ ఉన్నవి, తాకుతానని తెలియగానే పొట్ట లోపలికి ముడుచుకుంది. ఎంతసేపూ నాకు ఎట్లా ఉందో చూసుకుంటున్నాను గానీ ఈమెకు కాలిన చోట ఎంత మంటో ఇప్పుడు చేతికి తెలుస్తోంది. తొందరగా అయిపోతే చాలు. జాకెట్టు గుండీలు విప్పి ఎడమ చెయ్యి లేపాను, ఇప్పుడు బిగబట్టుకునే బలం లేదు, చెయ్యి చచ్చిన చెయ్యిలా లేచింది. చంక. చెమట, తెల్లటి వెంట్రుకలు, ముగ్గిపోయిన పండు వాసన, మధ్యలో నల్లటి పొక్కు, దాని చుట్టూ ఎర్రటి అంచు, పక్కన తోలు కింద గోళీల్లాంటి గడ్డలు రెండు. కళ్లు మూసుకొని దూది అద్దాను. మూలగలేదు. ఇంకాస్త గట్టిగా అద్దాను. ఏమీ లేదు, ఊపిరి అదే పైపై ఊపిరి. కళ్లు తెరిచాను. చీము లేదు. తడి లేదు. బీడీ ముక్క ఆనించి ఆర్పినట్టు ఎండిన నల్ల పొక్కు, అంతే. గ్లౌజు జారిపోతుంటే విసుగొచ్చి పీకేసి, ఉత్త వేలితో, ఎందుకు అట్లా చేశానో నాకే తెలియదు, ఉత్త వేలితో దాని మీద నొక్కాను. ఆమె ముఖం చిట్లించనైనా లేదు, నొప్పి లేదు. మిగతావి గాలి తగిలినా నొస్తున్నాయి, అదే కొమ్ము, అదే మంట, అదే రోజు, ఇదొక్కటే ఎందుకు నొయ్యదు?

సంపత్ కింద అంబులెన్సు డ్రైవరు కోసం చూస్తున్నాడు. అదే చేత్తో ఫోను తీసి చేశాను, చెంపకు ఆనించుకున్నాక గుర్తొచ్చింది ఆ వేలు ఎక్కడ పెట్టానో. "గా లస్మవ్వ చంకల గూడ సురుకు వెట్టిందా?" అన్నాను. "చంకల ఎందుకు వెడ్తది? చేతులకు, పొట్టకు, గంతే. నేనే పట్టుకున్న గదా" అన్నాడు. "సక్కగ యాది చేసుకో." "అరె, పెట్టలేదంటున్న. ఏమైంది? అవ్వ మంచిగనే ఉన్నదా?" ఫోను మంచం మీద పడేసి తెర అవతలికి ఉరికాను, చేపల కూర మనిషిని దాదాపు గుద్దుకున్నాను, నర్సు పద్మలతను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆమె వంగి చూసింది, వేలితో తాకింది, "మీ అత్తమ్మ ఏడన్న గడ్డిలకు పోయిందా మేడమ్, పండుగకు ముందుగాల?" అని అడిగి, నేను గునుగు పూలు అనేలోపే డాక్టరు గది వైపు నడిచింది, నడిచింది కాదు, చెప్పులు టపటపలాడుతూ పరుగెత్తింది.

విద్యాధర్ ఈసారి లైటు వేయించి, దగ్గరగా వంగి చూశాడు. పక్కనున్న గడ్డలు నొక్కాడు. మొదటి రోజు వేసిన కేకలు ఆయనకూ గుర్తొచ్చినట్టున్నాయి, నా ముఖం చూడకుండానే చెప్పాడు. ఇది కాల్చింది కాదు, కుట్టింది. గడ్డిలో ఉండే పురుగు, నల్లి కంటే ఎంతో చిన్నది, కంటికి ఆనదు, ఎలుకలు, పందికొక్కుల మీద బతుకుతుంది, కుట్టేది దాని పిల్ల, తోలు మడతల్లో మెత్తటి చోటు వెతుక్కుంటుంది, తోలును లోపల నీళ్లలా కరిగించి ఆ నీళ్లు తాగుతుంది, తాగేటప్పుడు జ్వరాన్ని లోపల వదిలిపోతుంది. స్క్రబ్ టైఫస్. వానలు వెనకపట్టాక, ఈ నెలల్లోనే వస్తుంది. "కుట్టిన కాడ నొప్పి ఉండదు. అదే దాని మోసం. అన్ని సురుకులల్ల ఇదొకటి కలిసిపోయింది. నేను గూడ చూడకపోతి" అన్నాడు. మందు ఉందట, పాత మందు, అగ్గువ మందు, ఇన్నాళ్లూ ఎక్కించిన ఖరీదైన మందులేవీ దీన్ని ముట్టవట. అప్పటికప్పుడు సెలైనులో ఎక్కించడం మొదలుపెట్టారు. ఇప్పుడు కదిలించొద్దని అంబులెన్సును ఆపేశారు. రెండు రోజుల్లో జ్వరం దిగాలి, దిగితే గండం దాటినట్టే, దిగకపోతే అప్పుడు చూద్దాం అని చెప్పి పోయాడు. నాకు ఆ మాటల్లో సగమే ఎక్కాయి. తోలును కరిగించి తాగుతుంది. పందికొక్కు మీద నుంచి దిగి వచ్చి. నా బండల మీద పోసిన పూల కుప్ప, ఆమె విప్పి నా బకెట్టు పక్కన పడేసిన చీర. ఒళ్లంతా జలదరించి దురద మొదలైంది, మెడ, మోకాళ్ల వెనక, నడుము, గోళ్లతో బరుక్కుంటున్నాను, కంటికి కనబడే పురుగైతే చెప్పు తీసుకొని కొట్టొచ్చు, దీన్నేం చేస్తాం, ఎన్ని నీళ్లు పోసుకుంటే పోతుంది? థూ అని గట్టిగానే అన్నాను, పక్క మంచం ఆయన తనననుకొని ఇటు తిరిగి చూశాడు.

ఆ థూకే కాబోలు, అత్తమ్మ కళ్లు తెరిచింది. దగ్గరికి వంగాను. "అత్తమ్మా, చంకల గా పుండు ఎప్పటిది?"

"ముందటిదే" అన్నది, గొంతు ఎండిపోయి గాలిలా వచ్చింది. "జెరం కంటె ముందుగాలిది."

"మరి సారుకు సురుకు అని ఎందుకు చెప్తివి?"

సెలైను బొట్లు బొట్లుగా పడుతోంది. చూపు నా మీద నుంచి జరిగి స్టాండు మీద పచ్చ మగ్గు దగ్గర ఆగింది. "నువ్వు పక్కనే ఉంటివి గదా పిల్లా" అన్నది. "పుండంటే నీకు సీదర. సురుకంటే అందరు పెట్టిచ్చుకునేదే... అని."

కోపంగా అనలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు, అట్లా అన్నా నేను ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని. వాన పడేట్టుంది బట్టలు తీశానన్నట్టు అన్నది. నా చీదర చూసుకొని ఈ మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంది, పుండు కన్నా నా ముఖానికే ఎక్కువ భయపడింది, ఈ సంగతి రేపు సంపత్‌కు చెప్పగలనా, చెప్పకుండా ఉండగలనా. ఏడుపొచ్చింది, వచ్చిన ఏడుపుతో పాటు ఆ చంక వాసన కూడా వచ్చింది, ఎక్కడికీ పోలేదు అది, నా వేళ్లలోనే ఉంది, చెంపకు కూడా అంటింది. నాకు ఇంకా అసహ్యంగానే ఉంది. ఈ క్షణం కూడా లేచి పోయి డెట్టాలుతో మోచేతుల దాకా కడుక్కోవాలనే ఉంది, అబద్ధం ఎందుకు. గిన్నెలో నీళ్లు పారబోసి, ఆ పచ్చ మగ్గుతోనే కొత్త నీళ్లు పట్టుకొచ్చి, గుడ్డ తడిపి పిండాను.

ఆమె నా చేతుల వంక చూసింది. "ఉత్త చేతుల తోని ముట్టినవా?" అన్నది, ముఖంలో నిజంగానే పరేషాను. "పో, కడుక్కోపో బిడ్డా. గలీజ్ అయితది."

"కడుక్కుంట తియ్" అన్నాను. "ముందుగాల చెయ్యి లేపు, ఇంకా చంక తుడిచుడు కాలే."

ఆమె నన్ను నమ్మాలో వద్దో తెలియనట్టు కొద్దిసేపు చూసి, మెల్లగా, తనంతట తానే చెయ్యి లేపింది.